ఎవరి పక్షాన, ఎంత దూరం? ఇంగ్లీషులో మద్దతు తెలిపే మాటలు

ఈ నెల అందిన ఉత్తరాలలో చాలా వరకు ఒకే విషయాన్ని వేరువేరు వైపుల నుంచి అడిగినవే కావడంతో వాటిని ఒకచోట చేర్చి జవాబులు రాస్తున్నాను. ఒక వ్యక్తికో, ఉద్యమానికో, ఆలోచనకో నలుగురి ఎదుట మద్దతు ప్రకటించవలసి వచ్చినప్పుడు ఇంగ్లీషులో ఏ మాట వాడాలి, దాని పక్కన ఏ చిన్న పదం చేరాలి, ఆ మాట అన్నాక మనం ఎంతవరకు కట్టుబడినట్టు అన్నవి ఆ ప్రశ్నలు. మొదటి రెండూ వ్యాకరణ పుస్తకాలలో దొరుకుతాయి. మూడోదాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు కాబట్టి, అవకాశం దొరికిన ప్రతిచోటా దాని గురించే కాస్త ఎక్కువగా రాశాను.

ప్రశ్న: మా ఉద్యోగుల సంఘం బ్యానరు కోసం ‘వి సపోర్ట్ టు ది స్ట్రైక్’ అని రాసి ఇచ్చాను. అచ్చుకు వెళ్ళే ముందు ఒక సహోద్యోగి ‘టు’ తీసేయమన్నారు. ఇంకొకరు ‘వి ఆర్ సపోర్టింగ్’ అంటే బాగుంటుందన్నారు. ఏది సరైనది?

జవాబు: ‘టు’ తీసేయమన్న సహోద్యోగి మాటే సరైనది. ‘సపోర్ట్’ను క్రియగా వాడినప్పుడు అది తన కర్మను నేరుగా అందుకుంటుంది కాబట్టి ‘వి సపోర్ట్ ది స్ట్రైక్’ అంటే చాలు. ఈ పొరపాటు ఎక్కడి నుంచి వస్తున్నదో తెలిస్తే మళ్ళీ చేయకుండా ఉండడం సులువవుతుంది. తెలుగులో మనం సమ్మెకు మద్దతు ఇస్తాం, ఆమెకు అండగా నిలుస్తాం, ఆ వాదనకు బలం చేకూరుస్తాం. మద్దతు ఎటు వెళ్తున్నదో చూపించే పని ఆ ‘కు’ ప్రత్యయానిది. మనసులో ‘కు’ ఉన్నప్పుడు కలంలోంచి ‘టు’ రావడం సహజమే. ‘బ్యాక్’, ‘ఎండార్స్’, ‘ఫేవర్’, ‘డిఫెండ్’ అన్న క్రియలకు కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది. వాటి పక్కన కూడా ‘టు’ రాదు.

అయితే ‘సపోర్ట్’ నామవాచకం అయినప్పుడు పరిస్థితి మారుతుంది, అక్కడ రెండు దారులున్నాయి. మన మొగ్గు ఎటు ఉందో చెప్పాలంటే ‘ఫర్’ వాడాలి: ‘అవర్ సపోర్ట్ ఫర్ ది స్ట్రైక్ ఈజ్ ఫర్మ్’. ఇచ్చిన సహాయం ఎవరికి అందిందో చెప్పాలంటే ‘టు’ వాడాలి: ‘ది యూనియన్ గేవ్ సపోర్ట్ టు ది ఫ్యామిలీస్’. మొదటిది అభిప్రాయం, రెండోది చేతల్లో అందిన ఆసరా. సభ, ఊరేగింపు, ప్రకటన లాంటివి ఎందుకోసమో చెప్పేటప్పుడు ‘ఇన్ సపోర్ట్ ఆఫ్’ అనాలి.

‘వి ఆర్ సపోర్టింగ్’ తప్పు కాదు గాని, మీ బ్యానరుకు అది సరిపోదు. ‘వి సపోర్ట్’ అంటే ఇది మా నిలకడైన వైఖరి అని అర్థం వస్తుంది. ‘వి ఆర్ సపోర్టింగ్’ అంటే ప్రస్తుతానికి చందాలు వేయడం, వంతులవారీగా శిబిరంలో కూర్చోవడం లాంటి పని జరుగుతున్నదని అర్థం వస్తుంది. రేపు ఆ పని ఆగిపోవచ్చుననే ధ్వని కూడా అందులో ఉంది. బ్యానరు మీద ఆ ధ్వని ఉండకూడదు. లాటిన్‌లో ఈ మాటకు మూలార్థం కింద నుంచి మోయడం. వాక్యం రాసిన తర్వాత, మోస్తున్నామని చెప్పామా, కాసేపు చేయి వేశామని చెప్పామా అని ఒకసారి చూసుకోండి.

ప్రశ్న: విచారణ లేకుండా సస్పెండ్ అయిన మా తోటి ఉపాధ్యాయురాలి కోసం ప్లకార్డు మీద ‘వి స్టాండ్ ఫర్ అవర్ కొలీగ్’ అని రాశాం. ఒక విద్యార్థి వచ్చి దాని అర్థం అది కాదన్నాడు. ‘స్టాండ్’తో వచ్చే మాటలు ఎప్పుడూ తికమకపెడుతున్నాయి. విడమరిచి చెప్పగలరా?

జవాబు: మీ విద్యార్థిని మెచ్చుకోవాలి. ‘స్టాండ్ ఫర్’ పక్కన సాధారణంగా మనిషి రాడు, విలువ వస్తుంది. ‘వి స్టాండ్ ఫర్ ఫెయిర్‌నెస్’ అంటే న్యాయబద్ధత మా విధానం అని. పొడి అక్షరాలకు పూర్తి పేరు చెప్పేటప్పుడు కూడా ఇదే మాట వాడతారు. బ్రిటిష్ ఇంగ్లీషులో ఎన్నికలలో నిలబడడాన్ని ‘స్టాండ్ ఫర్ పార్లమెంట్’ అంటారు, అమెరికాలో అదే పనికి ‘రన్’ అంటారు. వ్యతిరేకార్థంలో వాడితే అది పూర్తిగా వేరే మాట అయిపోతుంది: ‘వి వోంట్ స్టాండ్ ఫర్ దిస్’ అంటే దీన్ని సహించబోము అని. మీ ప్లకార్డు చదివిన వారికి ఆ ఉపాధ్యాయురాలికి మీరు ప్రతీకలన్నట్టో, ఆమె మీ సిద్ధాంతమన్నట్టో వినిపిస్తుంది.

‘స్టాండ్ బై’ అంటే కష్టకాలంలో మనిషిని విడిచిపెట్టకుండా ఉండడం. నింద పడినప్పుడు, పదవి పోయినప్పుడు, మిగిలినవారు మెల్లగా తప్పుకుంటున్నప్పుడు ‘వి స్టాండ్ బై హర్’ అన్న వాక్యానికి బరువు వస్తుంది. మన మాటకు మనం కట్టుబడి ఉండడానికి కూడా ఇదే: ‘ఐ స్టాండ్ బై వాట్ ఐ సెడ్’. కాని ఇక్కడ ఒక ప్రమాదం పొంచి ఉంది, దాన్ని తప్పక గమనించండి. ‘బై’ తర్వాత మనిషి పేరు లేకపోతే అర్థం తలకిందులవుతుంది. ‘దే స్టుడ్ బై అండ్ డిడ్ నథింగ్’ అంటే చూస్తూ ఊరకున్నారని. ప్రేక్షకుడిలా నిలబడిపోయిన వాడిని ‘బైస్టాండర్’ అనడం అందువల్లనే. పక్కన నిలబడడం ఒకటే, కాని ఎవరి పక్కన అన్నది చెప్పకపోతే ఆ నిలబడడం పిరికితనం అవుతుందని ఆ భాష తన వాడుకలోనే తీర్పు చెప్పినట్టు నాకు అనిపిస్తుంది.

‘స్టాండ్ అప్ ఫర్’ వీటన్నిటికంటే చురుకైనది. ఎవరో దాడి చేస్తున్నారు, కూర్చున్న చోటి నుంచి లేచి అడ్డుపడుతున్నాం అన్న దృశ్యం అందులో ఉంది. ‘షి స్టుడ్ అప్ ఫర్ హర్ స్టూడెంట్స్’ అంటే విద్యార్థుల తరఫున ఎదురు నిలిచిందని. ఈ ‘ఫర్’ను ‘టు’గా మారిస్తే ఎదుటి పక్షానికి వెళ్ళిపోతాం: ‘స్టాండ్ అప్ టు’ అంటే ఎదిరించడం. బాధితుల పేరు ముందు ‘ఫర్’, బాధిస్తున్న వారి పేరు ముందు ‘టు’ అని గుర్తుపెట్టుకుంటే పొరపాటు జరగదు.

‘స్టాండ్ విత్’ అంటే భుజం భుజం కలిపి నిలవడం. దగ్గరి పరిచయం లేనివారు, దూరాన ఉన్నవారు కూడా ఈ మాట అనవచ్చు. ‘స్టాండ్ బిహైండ్’ ఎక్కువగా నిర్ణయాలకు, నాయకత్వానికి వాడతారు. తాము తయారుచేసిన వస్తువుకు పూచీ పడడాన్ని కూడా అలాగే చెబుతారు.

ఆమె గురించి తెలిసిన సహోద్యోగులుగా మీరు ‘వి స్టాండ్ బై అవర్ కొలీగ్’ అని రాయండి. తల్లిదండ్రులు, ఇతర పాఠశాలల వారు వచ్చి చేరితే వారి ప్లకార్డు మీద ‘వి స్టాండ్ విత్ హర్’ అని ఉండడం సబబు.

ప్రశ్న: ఒక పరిచయస్తుడు ఎన్నికలలో పోటీ చేస్తూ, తనను ‘ఎండార్స్’ చేస్తూ నా పేరుతో నాలుగు వాక్యాలు ఇవ్వమని అడిగారు. ‘సపోర్ట్’ అంటే సరిపోదా? ఈ రెండింటికీ తేడా ఉందా?

జవాబు: తేడా ఉంది. మీరు ఆలోచించి అడగడం మంచిదైంది. ‘ఎండార్స్’ లాటిన్‌లో వీపు అనే అర్థం ఉన్న ‘డోర్సుమ్’ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది. పత్రం వెనుక సంతకం చేయడం దాని అసలు అర్థం. మీ పేరు మీద వచ్చిన చెక్కును ఇంకొకరికి బదిలీ చేయాలంటే దాన్ని తిప్పి వెనుక వైపు సంతకం పెట్టేవారు. ఆ సంతకంతో చెక్కు చెల్లుబాటులో మీరూ భాగస్వాములయ్యేవారు. ముందువైపు సంతకం చేసినవాడి ఖాతాలో డబ్బు లేకపోతే వసూలుకు మీ దగ్గరికి కూడా రావచ్చు. ఎన్నికల ప్రకటనలో ‘ఐ ఎండార్స్’ అన్నప్పుడు కూడా ఆ వెనుకవైపు సంతకమే చేస్తున్నాం. నా పేరుకున్న పరపతిని ఈయనకు జోడిస్తున్నానని బహిరంగంగా చెప్పడం అది.

‘సపోర్ట్’ ఎవరైనా చేయవచ్చు, మనసులోనూ చేయవచ్చు. ‘ఎండార్స్‌మెంట్’ బహిరంగంగానే జరగాలి, చేసేవారి పేరుకు ఎంతో కొంత విలువ ఉండాలి. అమెరికాలో పత్రికలు అభ్యర్థులను బలపరుస్తూ సంపాదకీయాలు రాయడాన్ని, పేరున్నవారు సరుకుల ప్రకటనలలో కనిపించడాన్ని కూడా ఇదే మాటతో పిలుస్తారు. సామాజిక మాధ్యమాలలో చాలామంది తమ పరిచయంలోనే ‘రీట్వీట్స్ ఆర్ నాట్ ఎండార్స్‌మెంట్స్’ అని రాసుకున్నది ఇందుకే: ఒక మాటను పదిమందికి చేరవేసినంత మాత్రాన దాని వెనుక సంతకం చేసినట్టు కాదని వారి మనవి. బ్రిటన్‌లో డ్రైవింగ్ లైసెన్సు ‘ఎండార్స్’ అయిందని ఎవరైనా అంటే అభినందించకండి. ఉల్లంఘనకు శిక్షగా పాయింట్లు నమోదయ్యాయని దాని అర్థం.

ఇంతకంటే బరువైన మాట ఇంకొకటుంది, ‘వౌచ్ ఫర్’. ‘ఐ కెన్ వౌచ్ ఫర్ హిజ్ ఆనెస్టీ’ అంటే ఆయన నిజాయతీకి నేను పూచీ అని. స్వయంగా చూసి ఎరిగిన విషయానికి మాత్రమే ఇది వాడాలి. పరిచయస్తుడి కార్యక్రమం మీకు నచ్చి, ఆయన గురించి లోతుగా తెలియకపోతే ‘ఐ సపోర్ట్ హిజ్ ప్లాన్ ఫర్ ది పబ్లిక్ లైబ్రరీ’ అన్నట్టుగా, ఏ అంశాన్ని బలపరుస్తున్నారో దాని పేరే రాయండి. అలా అనడంలో పిసినారితనమేమీ లేదు. తెలిసినంత మేరకే మాట ఇస్తున్నారు.

ప్రశ్న: ‘అడ్వొకేట్ ఫర్’ తప్పని మా గురువుగారు, ఒప్పని నిఘంటువు. ఎవరి మాట వినాలి?

జవాబు: ఇద్దరి మాటా వినవచ్చు. ‘అడ్వొకేట్’ లాటిన్‌లో సాయానికి పిలిపించుకున్న వ్యక్తి. నామవాచకంగా దానికి ‘ఫర్’, ‘ఆఫ్’ రెండూ సరిపోతాయి. క్రియగా మాత్రం విధానాన్నో మార్పునో నేరుగా అందుకోవడం సంప్రదాయం: ‘షి అడ్వొకేట్స్ రిఫార్మ్’. మనుషుల తరఫున మాట్లాడడాన్ని ‘అడ్వొకేట్ ఫర్ పేషెంట్స్’ అనడం, ముఖ్యంగా అమెరికాలో, ఈనాడు స్థిరపడిన వాడుకే. మీరు విధానానికి ‘ఫర్’ లేకుండా, మనుషులకు ‘ఫర్’తో వాడితే గురువుగారూ ఆక్షేపించరు, నిఘంటువూ ఆక్షేపించదు. నిజానికి ఈ మాటను క్రియగా వాడడమే తప్పని బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1789 డిసెంబరులో నిఘంటుకర్త నోవా వెబ్‌స్టర్‌కు ఉత్తరం రాసి, దాన్ని ఖండించమని కోరాడు. ఆయన కోరిక నెరవేరలేదు.

దీనికి దగ్గరి చుట్టమైన ‘చాంపియన్’ను మనం విజేత అనే అర్థంలోనే ఎరుగుదుం. మధ్యయుగపు ఐరోపాలో కొన్ని వివాదాలు ద్వంద్వ యుద్ధంతో తేలేవి. స్వయంగా కత్తి పట్టలేని వారి బదులు బరిలోకి దిగే యోధుడే చాంపియన్. ‘షి చాంపియన్డ్ ది రైట్స్ ఆఫ్ ప్రిజనర్స్’ అన్న వాక్యంలో ఆ పాత అర్థమే సజీవంగా ఉంది: తమ తరఫున తాము పోరాడలేని వారి కోసం ఏళ్ళ తరబడి బరిలో నిలవడం. ఒక్క ప్రకటన ఇచ్చి ఊరకున్నవారికి ఈ క్రియ చెల్లదు.

ప్రశ్న: మూతపడబోతున్న గ్రంథాలయం కోసం అక్కడి సిబ్బంది చేస్తున్న పోరాటానికి మద్దతుగా ఇంగ్లీషులో వినతిపత్రం తయారుచేశాను. మొదటి వాక్యం ఇది: ‘వి ది అండర్‌సైన్డ్ పర్సన్స్ ఆర్ హియర్‌బై హంబ్లీ ఎక్స్‌టెండింగ్ అవర్ ఫుల్లెస్ట్ సపోర్ట్ టు ది డిమాండ్ ఆఫ్ ది లైబ్రరీ స్టాఫ్.’ దిద్దగలరా?

జవాబు: మీ వాక్యంలో వ్యాకరణ దోషం దాదాపు లేదు. ఉన్న చిక్కల్లా అలంకారాలతోనే. ఒక్కొక్క మాటా చూద్దాం. ‘అండర్‌సైన్డ్’ అంటేనే దిగువ సంతకం చేసినవారు. పక్కన ‘పర్సన్స్’ అక్కర్లేదు. ‘వి, ది అండర్‌సైన్డ్’ అని రెండు కామాల మధ్య ఉంచితే చాలు, వినతిపత్రాలకు శతాబ్దాలుగా అదే ప్రారంభం. ‘హియర్‌బై’ న్యాయపత్రాల మాట; దీనితో ఏ హక్కూ బదిలీ కావడం లేదు కాబట్టి తీసేయండి. ‘హంబ్లీ’ కూడా వద్దు. పౌరులు తమ గ్రంథాలయం గురించి మాట్లాడేటప్పుడు మర్యాద ఉండాలి గాని దీనత్వం అవసరం లేదు. ‘ఎక్స్‌టెండింగ్ అవర్ ఫుల్లెస్ట్ సపోర్ట్ టు’ అన్న ఐదు మాటల పనిని ‘సపోర్ట్’ అనే ఒక్క క్రియ చేస్తుంది. అన్నిటికంటే ముఖ్యమైన లోపం చివరలో ఉంది: సిబ్బంది కోరిక ఏమిటో మీ వాక్యం చెప్పలేదు.

ఇలా మార్చి చూడండి: ‘వి, ది అండర్‌సైన్డ్, సపోర్ట్ ది లైబ్రరీ స్టాఫ్ ఇన్ దెయిర్ డిమాండ్ దట్ ది లైబ్రరీ రిమైన్ ఓపెన్.’ ఇక్కడ ‘సపోర్ట్’ తర్వాత మనుషులు, ‘ఇన్’ తర్వాత వారి కోరిక వచ్చాయి. ఎవరిని బలపరుస్తున్నారో, ఏ విషయంలో బలపరుస్తున్నారో ఒకే వాక్యంలో తేలిపోయింది. ‘రిమైన్స్’ అని కాక ‘రిమైన్’ అని రాయడం పొరపాటు కాదు. కోరికను, ఆదేశాన్ని తెలిపే ‘దట్’ తర్వాత క్రియ మూలరూపంలో ఉండడం మర్యాదైన రాతలో ఆచారం.

రెండో వాక్యం అధికారులు ఏం చేయాలో చెప్పాలి. ‘వి కాల్ ఆన్ ది కౌన్సిల్ టు విత్‌డ్రా ది ఆర్డర్’ అన్నది స్థిరంగా ఉంటుంది, ‘వి అర్జ్’ కాస్త మెత్తగా ఉంటుంది. ‘కాల్ ఫర్’ పక్కన మనిషి రాడు, జరగవలసిన పని వస్తుంది. వినతి ఎవరికి, పని ఏమిటి, సంతకాలు ఎన్ని అన్న మూడూ స్పష్టంగా ఉండడం అలంకారాల కంటే ఎంతో విలువైనది. బ్రిటన్ పార్లమెంటు వెబ్‌సైటులో పెట్టే వినతులకు 10,000 సంతకాలు దాటితే ప్రభుత్వం జవాబిస్తుంది, 1,00,000 దాటితే చర్చకు పరిశీలిస్తారు. అక్కడ కూడా ప్రతి వినతీ ఒక స్పష్టమైన పనిని కోరాలన్నది నియమం.

మీతో సంతకం చేసేవారిలో కొందరికి సిబ్బంది కోరికలన్నీ నచ్చకపోవచ్చు. అటువంటప్పుడు ‘ఇన్ ప్రిన్సిపుల్’ అని తగిలించాలనిపిస్తుంది. దయచేసి ఆ పని చేయకండి. అధికార భాషలో ‘వి సపోర్ట్ ఇట్ ఇన్ ప్రిన్సిపుల్’ అన్న తర్వాత ‘బట్’ వస్తుందని అందరూ ఎదురుచూస్తారు, చాలాసార్లు ఆ ‘బట్’ వచ్చి తీరుతుంది కూడా. దానికి బదులు మీరందరూ నిస్సంకోచంగా ఒప్పుకొనే అంశాన్ని మాత్రమే రాసి, దాన్ని పూర్తిగా బలపరచండి.

ప్రశ్న: గోడ మీద పిల్లిలా ఉండడాన్ని ఇంగ్లీషులో ‘సిట్ ఆన్ ది ఫెన్స్’ అంటారని తెలుసు. దీనికి వ్యతిరేకంగా, వెనక్కి తగ్గే దారి మూసుకొని బాహాటంగా ఒక పక్షాన నిలవడానికి మాట ఉందా?

జవాబు: ఉంది. ‘నెయిల్ యువర్ కలర్స్ టు ది మాస్ట్’ అంటారు. ‘కలర్స్’ అంటే ఇక్కడ రంగులు కావు, ఓడ జెండా. ఈ అర్థంలో ఎప్పుడూ బహువచనమే. ‘మాస్ట్’ అంటే ఓడ స్తంభం. తెరచాప ఓడల కాలంలో యుద్ధం మధ్య జెండా దించితే లొంగిపోయినట్టు లెక్క. 1797 అక్టోబరు 11న క్యాంపర్‌డౌన్ దగ్గర బ్రిటిష్, డచ్ నౌకాదళాలు తలపడినప్పుడు, బ్రిటిష్ అడ్మిరల్ డంకన్ ఉన్న ‘వెనరబుల్’ ఓడ జెండాస్తంభం గుండు దెబ్బకు విరిగి, జెండా కిందికి జారింది. జాక్ క్రాఫర్డ్ అనే నావికుడు కాల్పుల మధ్యనే పైకి ఎగబాకి, ఆ జెండాను మేకులతో కొట్టేశాడు. మేకులతో కొట్టిన జెండాను తాడు లాగి దించలేరు. ఒక వివాదంలో మీ వైఖరిని మీ పేరుతో అచ్చులో పెట్టినప్పుడు ఈ మాట అక్షరాలా సరిపోతుంది. ‘షో యువర్ కలర్స్’ దీనికంటే తేలికైనది. జెండా చూపించడమే, మేకులు లేవు.

ప్రశ్న: వత్తాసు పలకడం, కొమ్ము కాయడం, వంత పాడడం, వెనకేసుకురావడం. ఇవన్నీ మద్దతే, కాని ఏదీ మెచ్చుకోలు కాదు. వీటికి ఇంగ్లీషులో సాటి మాటలున్నాయా?

జవాబు: చక్కని ప్రశ్న. తెలుగులో అండ, దన్ను, బాసట అన్నవి గౌరవంగా వినిపిస్తాయి. మీరు చెప్పిన నాలుగూ మద్దతు ఇచ్చేవారి వివేకాన్ని శంకిస్తాయి. ఇంగ్లీషులోనూ ఈ విభజన స్పష్టంగానే ఉంది. తప్పు చేసినవారిని వెనకేసుకురావడాన్ని ‘మేక్ ఎక్స్‌క్యూజెస్ ఫర్’ అంటారు. న్యాయాన్యాయాలు చూడకుండా ఒక పక్షం కొమ్ము కాయడం ‘టేక్ సైడ్స్’. పై అధికారి ఏమన్నా వంత పాడేవాడు ‘యెస్ మ్యాన్’. అందరూ చేరుతున్నారని తానూ చేరేవాడు ‘బ్యాండ్‌వాగన్’ ఎక్కాడని అంటారు. ఊరేగింపులో వాద్యకారులు కూర్చునే అలంకరించిన బండి అది. పెదవులతో మాత్రమే సమర్థించి చేతల్లో ఏమీ చేయకపోవడం ‘లిప్ సర్వీస్’.

వత్తాసుకు సాటి మాట ‘అపాలజిస్ట్’. చాలామంది దీన్ని క్షమాపణ కోరేవాడని పొరబడతారు. గ్రీకులో ‘అపొలొగియా’ అంటే ఆరోపణకు సమాధానంగా చేసే వాదన. క్రీ.పూ. 399లో ఏథెన్సు న్యాయస్థానంలో సోక్రటీసు చేసిన వాదాన్ని ఇంగ్లీషులో ‘అపాలజీ’ అంటారు. ఆయన అక్కడ ఎవరినీ క్షమించమని అడగలేదు. మత గ్రంథాల చర్చలో ‘అపాలజిస్ట్’ ఇప్పటికీ గౌరవపదమే. రాజకీయాలలో మాత్రం, సమర్థించకూడని దాన్ని సమర్థించేవాడన్న నింద అయింది.

ఒక పక్షాన్ని ఏ పేరుతో పిలవాలన్నది కూడా ఇందులో భాగమే. ‘సపోర్టర్’ అనే మాట ఏ వైపూ మొగ్గదు. ‘సింపథైజర్’ను ఎక్కువగా ప్రత్యర్థులే వాడతారు, రహస్యంగా కుమ్మక్కయ్యాడన్న అనుమానం అందులో ఉంటుంది. కాని ఇలాంటి మాటల తలరాత మార్చడమూ సాధ్యమే. బ్రిటన్‌లో మహిళల ఓటు హక్కు కోసం పనిచేసే వారికి ‘సఫ్రజిస్ట్’ అనే పేరుండగా, 1906లో ‘డైలీ మెయిల్’ పత్రిక, ఉధృతంగా పోరాడుతున్న వారిని చులకన చేస్తూ ‘సఫ్రజెట్’ అని రాసింది. ఆ మహిళలు ఆ పేరును తమదిగా చేసుకొని, 1912లో తమ పత్రికకు అదే పేరు పెట్టుకున్నారు. ఎగతాళిగా పుట్టిన మాటను ఇంతటి గౌరవానికి ఎత్తిన ఆ ధైర్యాన్ని తలచుకున్నప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

ప్రశ్న: సభలో ఒకరి మాటను సమర్థిస్తూ ‘హియర్, హియర్’ అంటారు కదా, దానిని ఎలా రాయాలి? ఆటల్లో ఒక జట్టును బలపరచడానికి ‘రూట్ ఫర్’ అన్ని దేశాలలో వాడవచ్చా?

జవాబు: ఇక్కడ అనే అర్థం ఉన్న మాట కాదది, వినండి అనే అర్థం ఉన్నది. హెచ్, ఈ, ఏ, ఆర్ అని రాయాలి. బ్రిటిష్ పార్లమెంటులో ‘హియర్ హిమ్, హియర్ హిమ్’ అని కేకవేసే అలవాటు కుదించుకుపోయి ఇలా మిగిలింది. ఇక ‘రూట్ ఫర్’ అమెరికాలో నిరపాయకరం. ఆస్ట్రేలియాలో ‘రూట్’కు అసభ్యార్థం ఉంది కాబట్టి అక్కడ ‘బ్యారక్ ఫర్’ అనాలి. అదే ‘బ్యారక్’ను ‘ఫర్’ లేకుండా బ్రిటన్‌లో వాడితే వక్తను కేకలతో అడ్డుకోవడం అవుతుంది. అన్నిచోట్లా చెల్లేది ‘సపోర్ట్’ ఒక్కటే.

ప్రశ్న: ‘సింపథీ’, ‘సాలిడారిటీ’ ఒకటేనా? ఉత్తరం చివర పేరుకు ముందు ‘ఇన్ సాలిడారిటీ’ అని రాయడం చూస్తున్నాను. అందరూ రాయవచ్చా?

జవాబు: ఒకటి కాదు. ‘సింపథీ’ ఎదుటివారి బాధను మనమూ అనుభవించడం. బాధ వారిదే, మనం పక్కన ఉన్నాం. ‘సాలిడారిటీ’ ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి వచ్చింది, దాని మూలం రోమన్ న్యాయశాస్త్రంలో ఉంది. కొందరు కలిసి అప్పు చేసినప్పుడు, ఎవరి వాటాకు వారు కాక, మొత్తం అప్పుకు ప్రతి ఒక్కరూ బాధ్యులయ్యే పద్ధతిని అక్కడ ‘ఇన్ సోలిడుమ్’ అనేవారు. ఒకరు కట్టలేకపోతే మిగిలినవారే పూర్తిగా కట్టాలి. తెలుగులో మనం సంఘీభావం అంటున్నాం. ఆ మాటలో భావం ఉంది గాని, ఈ ఉమ్మడి బాకీ వినిపించదు.

ఆ బాకీ ఎలా ఉంటుందో పోలండ్‌లో జరిగిన సంగతి చూపిస్తుంది. 1980 ఆగస్టులో, గ్దాన్స్క్ నగరంలోని లెనిన్ ఓడల కర్మాగారంలో, అన్నా వాలెంటినోవిచ్ అనే క్రేన్ ఆపరేటరును పదవీ విరమణకు కొద్ది నెలల ముందు ఉద్యోగం నుంచి తీసేశారు. ఆమెను తిరిగి తీసుకోవాలంటూ 14న సమ్మె మొదలైంది. రెండు రోజులకే యాజమాన్యం ఆ కర్మాగారం వరకు కోరికలు ఒప్పుకుంది, సమ్మె నాయకుడు లేహ్ వలేన్సా సమ్మె ముగిసిందని ప్రకటించారు, కార్మికులు ఇళ్ళకు బయలుదేరారు. కాని వారిని చూసి సమ్మెకు దిగిన చిన్న సంస్థల కార్మికుల గతి ఏమిటి? వాలెంటినోవిచ్, మరికొందరు మహిళలు గేట్ల దగ్గర నిలబడి వెళ్ళిపోతున్నవారిని ఆపారు. తమ కోరిక తీరిన తర్వాత కూడా, ఇతరుల కోసం సమ్మె కొనసాగింది. ఆగస్టు 31న ఒప్పందం కుదిరింది. ఆ పోరాటంలోంచి పుట్టిన సంఘం పేరు పోలిష్ భాషలో ‘సోలిదార్‌నోష్చ్’, అంటే ‘సాలిడారిటీ’యే.

కాబట్టి ఉత్తరం చివర ‘ఇన్ సాలిడారిటీ’ అని రాసే ముందు, వారి నష్టంలో మీ వాటా ఏమైనా ఉందా అని చూసుకోండి. మీరు అదే వృత్తిలో ఉండి వారితోపాటు ఒక రోజు జీతం వదులుకున్నా, అదే ఆంక్షకు మీరూ గురవుతున్నా, ఆ మాట మీకు చెల్లుతుంది. దూరాన ఉండి మంచి కోరుతున్నవారైతే ‘విత్ సింపథీ అండ్ సపోర్ట్’ అని రాయండి, అది చిన్న మాటేమీ కాదు. వాక్యం మధ్యలో వాడవలసి వస్తే ‘ఇన్ సాలిడారిటీ విత్’ అనాలి, ‘టు’ అనకూడదు. ‘వి స్ట్రక్ ఫర్ వన్ డే ఇన్ సాలిడారిటీ విత్ ది డిస్మిస్డ్ వర్కర్స్’ అన్న వాక్యంలో చేసిన పని ముందు వచ్చింది, ఎవరితో కలిసి అన్నది తర్వాత వచ్చింది, ఆ వరుసలోనే రాయండి.